సగం మీసానికి ఒక కత్తి

నా పేరు లక్ష్మీప్రసన్న. పేరు పెట్టినవాళ్లకి నా సంగతి తెలియదు పాపం. ప్రసన్నంగా ఉండటం నాకు చేతకాదు. ఎవరైనా నన్నో మాట అంటే మర్నాటికి మర్చిపోతాను. మా నాన్నని అంటే మాత్రం పుస్తకంలో రాసి పెట్టుకున్నట్టు గుర్తుంటుంది.

మాది కొల్లేటికోట. నాన్న చిన్నరాజు చేపల చెరువుల మీద కాపలా మనిషి. చదువు లేదు. కానీ ఏటి నీళ్లు ఓ పుక్కిలి నోట్లో పోసుకుని, ఉమ్మేసి, "వచ్చే అమావాస్యకి ఉప్పు ఎగదన్నుతుందండి, మోటార్లు ఆపుకోండి" అంటే అది జరిగి తీరేది. ఎండాకాలం పోటుకి సముద్రం నీళ్లు ఉప్పుటేరు మీదుగా మా కొల్లేట్లోకి వస్తాయి. అది తెలియక ఆ నీళ్లు చెరువులోకి తోడుకున్నవాడి పని అయిపోయినట్టే. అందుకే చుట్టుపక్కల రైతులు మోటారు వేసేముందు నాన్నని బండెక్కించుకుని తీసుకెళ్లి నీళ్లు చూపించుకునేవారు. నాన్న వెనక సీట్లో నిటారుగా కూర్చుని, మీసం దువ్వుకుంటూ వెళ్లేవాడు.

పన్నెండేళ్ల కిందట ఆ మీసం పోయింది. తీసేసింది పెదపాడు నరసరాజు గారు. ఈయన్ని 'గారు' అనకుండా పిలవాలని చాలా ప్రయత్నించాను, నోరు తిరగదు. మా వైపు తిట్టేటప్పుడు కూడా అండీ అని తిడతాం.

ఆయన మా ఊరి పక్కన చెరువులు లీజుకి తీసుకున్న పెద్ద రైతు. ఒకరోజు రూతమ్మ పిన్ని టీ కొట్టు దగ్గర నాన్న ఎప్పట్లాగే ఉప్పు వస్తుందని చెప్పాడు. ఆయన నవ్వారు. "ఓడితే సగం మీసం తీయించుకుంటావురా?" అన్నారు. "తీయించుకుంటానండి. మరి మీరో?" అన్నాడు నాన్న. ఆ 'మరి మీరో' ఆయనకి ఎక్కడో గుచ్చుకుంది. కాపలావాడు తనతో సమానంగా పందెం కట్టడమా అని.

అమావాస్య మర్నాడు ఆయన డ్రైవరు నిత్యానందం ఉప్పుటేటి లాకుల దగ్గర నుంచి ట్రాక్టరు మీద బిందెడు నీళ్లు తెచ్చాడు. అందరూ తాగి చూశారు. తియ్యగా ఉన్నాయి. నాన్న కూడా తాగి, బిందె వంకే కాసేపు చూసి, "ఇవి లాకుల నీళ్లు కావండి" అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు. నరసరాజు గారు పక్కనే ఉన్న మంగలాయన దగ్గర మడత కత్తి లాక్కుని, "నేనే గీస్తాను, ఇటు రా" అన్నారు. మంగలాయన గిన్నెలో నీళ్లు అందించబోతే, "ఎందుకూ, తీపి నీళ్లు, వృథా చేయకు" అన్నారు. పొడి మీసం మీద మొద్దు కత్తి. పెదవి మీద ఇంత పొడుగున తెగింది. నేనప్పుడు ఇంటరు చదువుతున్నాను. కాలేజీ బస్సు దిగి అక్కడే నిలబడిపోయాను.

నాన్న ఇంటికొచ్చి మిగతా సగం తనే తీసేసుకున్నాడు. మళ్లీ పెంచలేదు. ఊరికి మాత్రం పేరు దొరికింది: తీపిరాజు. ఆ తర్వాత నీళ్లు చూడమని ఎవరూ బండి ఎక్కించుకోలేదు.

కిందటేడు నిత్యానందానికి ఒంట్లో బాగోక ఏలూరులో ఆసుపత్రిలో పడుంటే చూడ్డానికి వెళ్లాను. నేను ఏలూరులోనే చెరువుల నీళ్లు పరీక్ష చేసే ల్యాబులో పని చేస్తున్నాను. వారంలో నాలుగు రోజులు అక్కడ, మూడు రోజులు ఇంటి దగ్గర నుంచే చెరువుల మీద శాంపిళ్లు. ఆయన నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. "అమ్మా, ఆ బిందె లాకుల దగ్గర నింపలేదే. గోదావరి కాలవలో నింపాను. అయ్యగారే నింపమన్నారు. ఆ రోజే తన మోటార్లు మాత్రం ఆపించేశారు. మీ నాన్న మాట నమ్మాడమ్మా ఆయన, నమ్మే ఈ పని చేశాడు" అన్నాడు.

నాలుగు రోజులకి నిత్యానందం పోయాడు. చచ్చిపోయిన మనిషి నా చెవిలో చెప్పాడంటే ఎవరు నమ్ముతారు? ఇక ఆ మాట చెప్పగలిగిన నోరు ఒక్కటే మిగిలింది, నరసరాజు గారిది. ఆ నోటి మీద నిమ్మకాయ నిలబెట్టేంత మీసం.

ఆ వారమే తాడేపల్లిగూడెం వెళ్లాను, కత్తి కొనడానికి.

ఇప్పుడు సెలూన్లలో అందరూ బ్లేడు సగానికి విరిచి పెట్టుకునే కత్తులే వాడుతున్నారు. గీశాక బ్లేడు పారేస్తారు. నాకలాంటిది వద్దు. పారేసేదాంతో తీర్చుకునే పగ కాదు నాది. గూడెంలో సుబ్బారావు గారని పని మానేసిన పెద్దాయన దగ్గర పాత ఉక్కు కత్తులున్నాయని విని ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను.

ఆయన తువ్వాలు పరిచి మూడు కత్తులు పెట్టాడు. ఒకటి తళతళా మెరుస్తోంది, కోసే అలుగు మీద నెమలి బొమ్మ. నా చెయ్యి దాని మీదికే పోయింది.

"మెరుపు చూసి కత్తి తీసుకునేవాళ్లని ఇప్పుడే చూస్తున్నాను" అన్నాడాయన. "మెరుగు ఎవడైనా పెడతాడమ్మా. అంచు చూడు."

రెండో కత్తికి తెల్లటి పిడి, ముచ్చటగా ఉంది. కానీ అంచు పొడుగునా తుప్పు తిన్న సన్నటి గుంటలు. "ఆ గుంట పదునులో పడితే ఎంత నూరినా అంతే, చర్మాన్ని కొరుకుతుంది" అన్నాడు. మూడోది నల్లగా, పిడి ఓ మూల పెచ్చూడి, ఎవరూ ముట్టుకోనట్టుంది. దాన్ని అద్దం మీద బల్లపరుపుగా పెట్టి వేలితో నొక్కాడు. ఊగలేదు. వెన్నూ అంచూ ఆ చివర నుంచి ఈ చివరి దాకా అద్దానికి ఆనుకునే ఉన్నాయి. మడిచి చూపించాడు. అలుగు పిడికి ఎటూ రాసుకోకుండా సరిగ్గా మధ్యలో పడింది.

"ఇది తీసుకో. మొహం బాగోదు గానీ బుద్ధిమంతురాలు. ఇంతకీ ఎవరికమ్మా?"

"మా నాన్నకండి" అన్నాను. అబద్ధం కాదుగా.

సంరక్షణ ఆయనే నేర్పాడు. గీసే ముందు తోలు పట్టీ మీద సాగదీయాలి, వెన్ను ముందు, అంచు వెనక. తిప్పేటప్పుడు వెన్ను మీదే దొర్లించాలి. మొదటిరోజు అంచు మీద తిప్పి పట్టీని చీరేశాను. గీశాక నీళ్లు తుడిచి, గాలికి ఆరనిచ్చి, ఓ చుక్క కొబ్బరినూనె రాసి, అప్పుడు మడవాలి. "తడి కత్తిని మడిచావా, దానికి చావే" అన్నాడు. బెలూనుకి సబ్బు నురగ రాసి గీయమన్నాడు. ఎన్ని బెలూన్లు పేలాయో చెప్పను, పక్కింటి పిల్లలు నాకు పిచ్చి అనుకున్నారు.

తప్పు కూడా చేశాను. శాంపిల్ సీసాల పెట్టెలో కత్తి పెట్టేసి వారం మర్చిపోయాను. తీసి చూస్తే అలుగు నిండా ఎర్రటి చుక్కలు. పట్టుకుని గూడెం పరిగెత్తాను. సుబ్బారావు గారికి కోపం నషాళానికి అంటింది. "ఉప్పునీళ్ల పక్కన ఉక్కు పెడతారా ఎవరైనా? చదువుకున్నదానివేనా నువ్వు? ఉప్పు మీద ఉద్యోగం చేస్తూ!" అని చెడామడా తిట్టాడు. అదృష్టం, అంచు దాకా పాకలేదు. సానరాయి మీద నెల్లాళ్లు కూర్చుని దాన్ని దారికి తెచ్చాను.

తర్వాత నాన్న గడ్డం. ఇంటి దగ్గర ఉన్న మూడు రోజులూ నేనే గీసేదాన్ని. బుగ్గలు సులువు. పై పెదవి దగ్గరికి వచ్చేసరికి ఆ పాత గాటు మీద చెయ్యి ఆగేది. దాన్ని తప్పించి గీయడం నేర్చుకున్నాను. ఒక్క చుక్క రక్తం రాకుండా గీయాలి, అదీ నా పట్టుదల. రేపు నరసరాజు గారి మొహాన రక్తం కనిపిస్తే జనం అయ్యో అంటారు. ఆయన మీద ఎవరూ అయ్యో అనడం నాకిష్టం లేదు.

"ఎవరి కోసమే ఇంత పదును?" అన్నాడు నాన్న ఒకరోజు.

చెప్పేశాను. నిత్యానందం మాట కూడా చెప్పాను. నురగ మొహం మీదే ఆరిపోయింది.

"ఆయన మీసం నేనేం చేసుకుంటానే?" అన్నాడు చివరికి. "ఆ బిందెలో నీళ్లు ఎక్కడివో ఆయన నోటితో, ఆ కొట్టు దగ్గరే, నలుగురిలో అనాలి. నాకదొక్కటే కావాలి."

"అదీ అనిపిస్తాను, మీసమూ తెస్తాను" అన్నాను.

వైశాఖంలో అవకాశం వచ్చింది. నరసరాజు గారు చెరువులు చూసుకోవడానికి వచ్చి రూతమ్మ పిన్ని కొట్టు దగ్గర కారు ఆపారు.

"అమావాస్యకి లాకుల దగ్గర ఉప్పు తిరుగుతుందని మా నాన్న అంటున్నారండి" అన్నాను.

"మీ నాన్న ఇంకా రుచి చూస్తూనే ఉన్నాడా అమ్మాయ్?" అని నవ్వారు. జనమూ నవ్వారు.

"చూస్తున్నారండి. మళ్లీ పందెం కడతారాండి?"

"ఆడపిల్లతో పందెమేంటి!"

"భయంగా ఉంటే వద్దులెండి" అన్నాను, ఎంత మెత్తగా అన్నానో నాకే ముద్దొచ్చింది. కొట్టు దగ్గరవాళ్లు టీ గ్లాసులు కింద పెట్టేశారు. "నేను ఓడితే నా జడ మొదలంటా కోసి ఈ బల్ల మీద పెడతానండి. మీరు ఓడితే సగం మీసం. గీసేది నేను. బిందెలూ గిందెలూ వద్దండి, అందరం లాకుల దగ్గరికే పోదాం."

అంతమంది ముందు ఆయనకి వెనక్కి తగ్గే దారి లేకపోయింది.

అమావాస్య మర్నాటి పొద్దున్నే ఊరంతా లాకుల దగ్గరే ఉంది. నేను ఉప్పు కొలిచే సెలినిటీ మీటరు పెట్టాను. దానికంటే ముందు రూతమ్మ పిన్ని దోసిలితో తాగి, "ఛీ ఛీ, ఉప్పు కషాయం!" అని ఉమ్మేసింది. నాన్న మాట గెలిచింది. నా సంచిలో కత్తి ఉంది. నరసరాజు గారు మాత్రం నవ్వు చెరగకుండా, "మాట మాటే అమ్మాయ్. ఆదివారం కొట్టు దగ్గరికి వస్తాను, నువ్వే గీద్దువుగాని" అన్నారు. "అలాగేనండి" అన్నాను. చూశారా నా బుద్ధి! అక్కడే కూర్చోబెట్టి గీసేయక, అలాగేనండీ ఏమిటి? ఈ మర్యాదే మా కొంప ముంచుతుంది.

పోనీ ఊరు నాన్నని నమ్మిందా అంటే అదీ లేదు. "ఈసారి సరిగ్గా చెప్పాడు గానీ, అప్పుడు తప్పాడుగా" అన్నారు. తీపిరాజు తీపిరాజుగానే ఉండిపోయాడు.

ఆదివారం ఆయన కారు దిగారు. నున్నటి గుండు, దాని నిండా గంధం. మీసం కూడా లేదు.

"పెద్దింట్లమ్మ తల్లికి ఎప్పటి మొక్కో అమ్మాయ్, నిన్న తీర్చేసుకున్నాను. తలనీలాలంటే మీసంతో సహా కదా" అన్నారు. అమ్మవారి పేరు చెప్పగానే జనం దణ్ణం పెట్టారు. నా ఒళ్లు మండిపోయింది. దేవుడి పేరు చెప్పి నాకు అచ్చంగా గుండు గీశాడు పెద్దమనిషి.

అయినా మెత్తగానే అన్నాను: "మొక్కు అమ్మవారిదండి, దానికి దణ్ణం. పందెం నాదండి. మీసం మళ్లీ మొలుస్తుందిగా? మొలిచినరోజు సగం నాదే. వద్దనుకుంటే ఒక్కటే దారి. ఆ ఏడు నిత్యానందం బిందెలో నీళ్లు ఎక్కడివో ఇక్కడ నిలబడి చెప్పండి. సగం మీసం వదిలేస్తాను."

ఆయన మొహం పాలిపోయింది. "ఏ బిందె?" అన్నారు, కారు తలుపు మీద చెయ్యి వేసి.

"మొక్కు మొక్కే, పందెం పందెమేనండి. అమ్మాయి అన్నదాంట్లో తప్పేముంది?" అంది రూతమ్మ పిన్ని. అందరూ అవునవునన్నారు.

ఇక చూడండి నా సంబరం. గుండు మీద జుట్టు పెరిగింది, మీసం మాత్రం పెంచలేకపోయారు. రోజూ గీయించుకోవాల్సిందే. ఏలూరులో ఆయన ఎదురైనవాళ్లు బోసి పెదవి చూసి, "ఎవరు పోయారండీ?" అని అడిగేవారట. వాళ్లమ్మ అచ్చాయమ్మ గారు, ఎనభై దాటిన మనిషి, "నేను బతికుండగానే ఈ మొహమేమిట్రా" అని ఏడ్చిందట. ఈ కబుర్లు విన్న రోజున నాకు అన్నం సహించేది, రెండు ముద్దలు ఎక్కువే తినేదాన్ని. మా నాన్నని పన్నెండేళ్లు అడిగారు ఆ ప్రశ్న. ప్రతి ఆదివారం కత్తి తీసి పట్టీ మీద సాగదీసి, నూనె రాసి పెట్టేదాన్ని.

మాఘమాసంలో ఆయన కూతురు తేజశ్రీ పెళ్లి. రెండు నెలల ముందు నుంచి ఆయన మా ఊళ్లో కనిపించలేదు. పెళ్లి ఇంకో పది రోజులుందనగా ఓ సాయంత్రం శుభలేఖ పట్టుకుని మా ఇంటికే వచ్చారు. మొహాన మీసం. పాతంత లేదు గానీ నల్లగా, ఒత్తుగా ఉంది. నాన్న అరుగు మీద వల అల్లుకుంటున్నాడు.

"చిన్నరాజూ" అన్నారు. 'ఒరేయ్' లేకుండా ఆయన నోట ఆ పేరు వినడం అదే మొదటిసారి. "కన్యాదానం చేసేవాడిని, మీసం లేని మొహంతో పీటల మీద ఎలా కూర్చోను? అమ్మ మంచం పట్టింది. మీ అమ్మాయికి చెప్పి వదిలేయమను."

నాన్న వల పక్కన పెట్టాడు. "ఆ వేళ బిందెలో నీళ్లు ఎక్కడివండీ?" అన్నాడు.

ఆయన నేల చూశారు. పెదవులు కదిలాయి. "కాలవవి" అన్నారు.

"వినపడలేదండి."

"కాలవవి. గోదావరి కాలవవి."

"రూతమ్మ కొట్టు దాకా వినపడాలండి" అన్నాడు నాన్న. మెత్తగా, చేతులు కట్టుకుని అన్నాడు. ఆ మాటకి నా ఒళ్లు పులకరించింది. నా కోపం ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది నాకు.

నరసరాజు గారు వీధి వంక చూశారు. కొట్టు దగ్గర పదిమంది ఉన్నారు. అప్పుడే ఇటు చూడటం మొదలుపెట్టారు. ఆయన రెండడుగులు వేశారు, ఆగారు, గొంతు సవరించుకున్నారు. నిజంగానే అనబోతున్నారు అనిపించింది. ఇంకాస్త ఆగితే అనేవారేమో, నాకు తెలియదు. కానీ ఆయన వెనక్కి తిరిగి, అరుగు మీద కూలబడి, గడ్డం పైకెత్తారు.

"నా వల్ల కాదు. గీసేయమ్మాయ్. మొత్తం గీసేయ్. నీ పందెం తీరిపోతుంది."

"ప్రసన్నా, వద్దు. ఆగు" అన్నాడు నాన్న.

నేను ఆగలేదు. ఆ మెడ అలా పైకెత్తి నా ముందుంటే ఎలా ఆగుతాను? ఏడాది పైగా నూరుకున్న కత్తి. లోపలికి పరిగెత్తి తెచ్చాను. గోరువెచ్చటి నీళ్లు, సబ్బు నురగ, అన్నీ మర్యాదగానే చేశాను. కుడివైపు మూడు గీతలు. కత్తి వెన్నలో దిగినట్టు దిగింది. ఒక్క చుక్క రక్తం లేదు. తుడిచేసి లేచాను.

"రెండోవైపు?" అన్నారాయన కళ్లు తెరిచి.

"పందెం సగమేనండి. మిగతాది మీది" అన్నాను.

ఆయన కండువా మూతికి అడ్డం పెట్టుకుని వీధిలోకి దిగారు. కారు కొట్టు అవతల ఉంది. "ఏవండీ, పంటినొప్పా?" అని రూతమ్మ పిన్ని అడిగింది. ఎవడో కండువా పట్టుకు లాగాడు. నవ్వులే నవ్వులు, ఈలలు. "తీపిరాజు కూతురా మజాకా!" అని అరిచారు. "తీపిరాజు కూతురు గీసేసిందిరోయ్!" అని ఊరంతా అందుకుంది. పన్నెండేళ్ల నుంచి నేను కలగన్న చప్పుడు అదే. ఎగిరి గంతేయాలనిపించింది.

"చూశావా నాన్నా!" అన్నాను లోపలికొస్తూ.

నాన్న అరుగు మీద అలాగే కూర్చుని ఉన్నాడు. "ఏమంటున్నారో విన్నావా?" అన్నాడు.

విన్నాను. అప్పుడు విన్నాను.

"పందెం తీరిపోయింది. ఇక ఆయన ఎందుకు చెప్తాడే?" అన్నాడు నాన్న. "గొంతు దాకా వచ్చింది. ఇంకొక్క గడియ ఆగితే బయటపడేది. సగం మీసం తీసుకుని మొత్తం మాట వదిలేశావు."

గొంతులో తిట్టు లేదు. అదే నన్ను చంపింది. తిట్టినా బాగుండేది. నాన్న వల మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు గానీ అల్లలేదు.

కారు స్టార్టయిన చప్పుడు వినిపించింది. చేతిలో తడి కత్తితోనే వీధిలోకి పరిగెత్తాను. "ఏవండీ! నరసరాజు గారండీ! ఆగండి!" అని అరిచాను. కొట్టు దగ్గరవాళ్లు ఇంకా ఏదో వేడుక ఉందనుకుని పక్కకి జరిగి దారిచ్చారు. నేను రోడ్డెక్కేసరికి కారు మలుపు తిరిగిపోయింది.

ఎవరో నా భుజం తట్టారు. తీపిరాజు కూతురికి ఈ పూట టీ తమ ఖర్చేనని చెప్పి, బల్ల మీద చోటిచ్చి కూర్చోమన్నారు.